పలమంటే ఎంత? – తెలుగు వైద్యగ్రంథాల్లో మానపదాలు: పరిష్కరణ సమస్య (పల్నాడు నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన)

వ్యాససంగ్రహం:

ప్రాచీన వైద్యగ్రంథాలను, గ్రామవైద్యుల చేతివ్రాత పుస్తకాలను నేటి పాఠకులకు అందించేటప్పుడు తులం, పలం, సేరు, మానిక వంటి మానపదాలను గ్రాముల్లోకి మార్చడం పరిపాటి. ఈ మార్పిడి ఏ ప్రమాణం ప్రకారం జరిగిందో చాలా ముద్రణలు చెప్పవు. ఒకే పదానికి శాస్త్రంలో ఒక విలువ, అంగడిలో మరొక విలువ ఉన్నప్పుడు ఈ మౌనం పాఠదోషానికి దారితీస్తుంది. శార్ఙ్గధర సంహితలోని మాగధ, కాళింగ మానాలను, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో పల్నాడు పాటించిన తూకాలను, 1978 నాటి భారత ఆయుర్వేద యోగసంగ్రహం నిర్ణయించిన మెట్రిక్ విలువలను పోల్చి, చైనా మూలికావైద్యంలో ఇదే సమస్య ఎలా ఎదురైందో చూపి, పరిష్కర్తలు పాటించదగిన పద్ధతిని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మానపరిభాష, పలం, తులం, గురివింద, మాగధమానం, కాళింగమానం, పాఠపరిష్కరణ, పల్నాడు, త్రిఫల.

1. ఉపోద్ఘాతం

వైద్యగ్రంథంలో ప్రతి యోగానికీ మూడు అంగాలుంటాయి: ద్రవ్యం పేరు, దాని పరిమాణం, తయారుచేసే విధానం. తెలుగు పరిశోధనలో మొదటి అంగానికి తగినంత ఆదరణ లభించింది. మొక్కల పేర్లు, పర్యాయపదాలు, వృక్షశాస్త్ర నామాలతో వాటి సమన్వయం మీద వ్యాసాలు, సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. రెండో అంగమైన పరిమాణం మాత్రం భాషాసాహిత్య పరిశోధకులకు లెక్కల వ్యవహారంగా, వైద్యులకు పాతబడిన వ్యవహారంగా కనిపించి ఇద్దరి చేతుల్లోనూ పడకుండా మిగిలిపోయింది.

ఇది కేవలం పాండిత్య విషయం కాదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనాల చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల జాబితా ఉంది. శార్ఙ్గధర సంహితతోపాటు తెలుగువారికి సుపరిచితమైన బసవరాజీయం, వైద్యచింతామణి కూడా అందులో ఉన్నాయి. ఈ గ్రంథాల్లోని యోగాల ప్రకారం తయారైన మందును చట్టం ఆయుర్వేద ఔషధంగా గుర్తిస్తుంది. అంటే సంస్కృతాంధ్ర మిశ్రంగా ఇరవై అయిదు ప్రకరణాల్లో సాగిన బసవరాజీయంలోని ఒక మానపదం నేటికీ ఒక మందు స్వరూపాన్ని నిర్ణయించే పదమే. అటువంటి పదాన్ని పరిష్కర్త ఎలా చదివాడన్నది పాఠకుడి ఆరోగ్యంతో ముడిపడిన ప్రశ్న.

2. పల్నాడు ఎందుకు?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా అంతకుముందు గుంటూరు జిల్లాలో భాగం. బ్రిటిష్ పాలనలో ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీకి చెందింది. కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న నల్లగొండ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. మాచర్ల, గురజాల ప్రాంతాల ప్రజలు నది దాటితే వేరే నాణెం, వేరే పాలన ఎదురయ్యేవి. దక్షిణాన నల్లమల అంచు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతాల్లో చెంచుగూడేలు, సుగాలీ తండాలు ఉన్నాయి. అడవి మూలిక, అంగడి సరుకు, శాస్త్రగ్రంథం అనే మూడూ కలిసే చోటు కావడం వల్ల మానపదాల పరిశీలనకు పల్నాడు అనువైన క్షేత్రం.

ఈ ప్రాంతానికి వైద్యచరిత్రలో మరొక ప్రసిద్ధి ఉంది. రసవాద సంప్రదాయం సిద్ధనాగార్జునుడి పేరును శ్రీపర్వతంతో ముడిపెట్టింది. మాచర్లకు సమీపంలోని నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో శ్రీపర్వతం పేరు కనిపిస్తుంది. బౌద్ధ దార్శనికుడైన నాగార్జునుడూ రససిద్ధుడైన నాగార్జునుడూ ఒకరేనా అన్నది చరిత్రకారుల మధ్య చర్చనీయాంశం. పల్నాటి వైద్యసంప్రదాయం గురించిన ప్రస్తావనలు చాలావరకు ఈ ప్రసిద్ధి దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. వైద్యుడు ఏ త్రాసుతో తూచాడు, ఏ గిన్నెతో కొలిచాడు అన్న ప్రశ్నకు ఆ ప్రసిద్ధి సమాధానం ఇవ్వదు.

3. మానపదాల్లో నాలుగు రకాలు

తెలుగు వైద్యవ్యవహారంలో పరిమాణాన్ని చెప్పే పదాలు స్థూలంగా నాలుగు రకాలు.

3.1 తూకం: గురివింద ఎత్తు, తులం, పలం, సేరు, వీశ. వీటికి త్రాసు కావాలి.

3.2 కొలత: గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. వీటికి పాత్ర కావాలి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అన్నది కోస్తాలో వాడుకలో ఉన్న లెక్క. నూనె, పాలు, కషాయజలం ఈ పాత్రలతోనే కొలిచేవారు.

3.3 లెక్క: ఇన్ని మిరియాలు, ఇన్ని తమలపాకులు, ఇన్ని వెల్లుల్లి రెబ్బలు. వీటికి త్రాసూ అక్కరలేదు, పాత్రా అక్కరలేదు.

3.4 పోలిక: చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు, కందిగింజంత, రేగుపండంత, ఉసిరికాయంత. ఇక్కడ మనిషి చేయి, చుట్టూ ఉన్న పంట, పండు ప్రమాణాలవుతాయి.

నాలుగో రకాన్ని అశాస్త్రీయమని కొట్టివేసే ధోరణి ఒకటి ఉంది. ఆ ధోరణికి శాస్త్రగ్రంథమే అడ్డు వస్తుంది. శార్ఙ్గధరుడు కర్షానికి చెప్పిన పర్యాయపదాల్లో పాణితలం, అక్షం, ఉదుంబరం ఉన్నాయి. పలానికి చెప్పిన వాటిలో ముష్టి, బిల్వం ఉన్నాయి. అరచేయి, తానికాయ, మేడిపండు, పిడికిలి, మారేడుపండు శాస్త్రీయ మానానికి మూలాలని ఈ పేర్లే చెబుతున్నాయి. రెండు పలాలు ఒక ప్రసృతం, రెండు ప్రసృతాలు ఒక అంజలి అని ఆయన చెప్పిన సంబంధం, రెండు చారెళ్లు ఒక దోసెడు అనే తెలుగు వాడుకతో సరిగ్గా సరిపోతుంది. శాస్త్రమానానికీ జానపదమానానికీ మధ్య ఉన్నదనుకునే గోడ అంత ఎత్తైనది కాదు.

అయితే ఈ నాలుగు రకాలూ ఒకే యోగంలో కలిసినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఒక్క పదం విలువ ఎంతగా మారుతుందో చూడాలి.

4. ఒక పలం – నాలుగు విలువలు

శార్ఙ్గధర సంహిత ప్రథమఖండం మానపరిభాషతోనే మొదలవుతుంది. అందులో రెండు పద్ధతులున్నాయి. మాగధమానంలో ఆరు గురివిందలు ఒక మాషం, పదహారు మాషాలు ఒక కర్షం, నాలుగు కర్షాలు ఒక పలం. అంటే పలానికి 384 గురివిందలు. కాళింగమానంలో ఎనిమిది గురివిందలు ఒక మాషం, పది మాషాలు ఒక కర్షం, నాలుగు కర్షాలు ఒక పలం. అంటే 320 గురివిందలు. మాషానికి కొన్నిచోట్ల ఏడు గురివిందలే అని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఆ లెక్కన పలం 280 గురివిందలకు దిగుతుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ అంగడి లెక్క ఈ మూడింటికీ వేరు. అక్కడ మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశ. తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. కనుక నరసరావుపేట అంగట్లో పలమంటే దాదాపు 35 గ్రాములు, వీశ అంటే దాదాపు 1,400 గ్రాములు. తులానికి 96 గురివిందల చొప్పున ఈ పలం 288 గురివిందలవుతుంది.

స్వతంత్ర భారతంలో మెట్రిక్ తూకాలు 1956 చట్టం ద్వారా వచ్చి, 1958 అక్టోబరు నుండి దశలవారీగా అమలయ్యాయి. ఆ తరువాత 1978లో వెలువడిన భారత ఆయుర్వేద యోగసంగ్రహం మొదటి భాగం గురివింద ఎత్తును 125 మిల్లీగ్రాములుగా, కర్షాన్ని (తులాన్ని) 12 గ్రాములుగా, పలాన్ని 48 గ్రాములుగా నిర్ణయించింది. కర్షానికి 96 గురివిందలు అన్న మాగధ లెక్కను ఇది నిలిపింది. 11.66 గ్రాముల తులాన్ని 96తో భాగిస్తే గురివింద ఎత్తు 121.5 మిల్లీగ్రాములు వస్తుంది. దాన్ని 125కు సవరించడం వల్ల మూడు శాతం లోపు పెరుగుదల మాత్రమే కలిగింది. లెక్క సౌలభ్యం కోసం చేసిన సవరణగా ఇది ఆక్షేపణీయం కాదు.

125 మిల్లీగ్రాముల లెక్కన మాగధపలం 48 గ్రాములు, ఎనిమిది గురివిందల మాషంతో కాళింగపలం 40 గ్రాములు, ఏడు గురివిందల మాషంతో 35 గ్రాములు అవుతాయి. చివరి విలువ మద్రాసు అంగడి పలానికి అతిచేరువగా ఉండటం గమనార్హం. కళింగం తెలుగునేలకు పొరుగు కనుక ఆంధ్రవైద్యులు కాళింగమానమే పాటించారని దీనినుంచి తీర్మానించే ఉత్సాహం సహజం. కాని అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన పరంపర రుజువు కాదు. పైగా కాళింగం కంటె మాగధం శ్రేష్ఠమన్న మాట శాస్త్రసంప్రదాయంలోనే ఉంది. తెలుగు వైద్యుడు శాస్త్రానికి కట్టుబడి మాగధాన్ని పాటించి ఉండవచ్చు. సరుకు కొన్న అంగట్లోని పలాన్నే పాటించి ఉండవచ్చు. ఏది నిజమో ఆయా గ్రంథం లోపలి సాక్ష్యమే చెప్పాలి.

సేరు విషయంలో తేడా ఇంకా పెద్దది. మద్రాసు సేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. 1939 నాటి తూకాల ప్రమాణాల చట్టం గుర్తించిన సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. ఒకటి మరొకదానికి మూడు రెట్ల పైన. పల్నాటి చేతివ్రాత పుస్తకంలోని సేరును ఇతర ప్రాంతపు పట్టిక చూసి మార్చిన సంపాదకుడు ద్రవ్యాన్ని మూడింతలు చేసినవాడవుతాడు. మానిక సంగతి కూడా అంతే. శాస్త్రంలో మానిక ఎనిమిది పలాల తూకం. తెలుగింట్లో మానిక ధాన్యం కొలిచే పాత్ర. పేరొకటే అయినా ఒకటి త్రాసుకు, మరొకటి పాత్రకు చెందినవి.

నాణెం పేరుతో చెప్పిన తూకాల్లో మోసపోయే అవకాశం మరీ ఎక్కువ. ‘రూపాయి ఎత్తు’ అంటే 1835 తరువాత స్థిరపడిన 180 గ్రెయిన్ల వెండిరూపాయి, అంటే సరిగ్గా ఒక తులం. 1992 నాటి రూపాయి నాణెం బరువు 4.85 గ్రాములు. 2011లో వచ్చిన నాణెం బరువు 3.79 గ్రాములు. తాతగారి పుస్తకంలోని రూపాయి ఎత్తును మనవడు జేబులోని రూపాయితో తూస్తే ద్రవ్యం మూడోవంతుకన్నా తక్కువకు పడిపోతుంది. పదం మారలేదు, అక్షరం మారలేదు, పాఠం మాత్రం మారిపోయింది.

5. పాళ్లు నిలిచేదెప్పుడు, చెదిరేదెప్పుడు?

మానం ఏదైతేనేం, అన్ని ద్రవ్యాలకూ ఒకే మానం వాడితే పాళ్లు మారవు కదా అన్నది తరచు వినిపించే సమాధానం. ఇందులో సగం సత్యం ఉంది. శొంఠి, పిప్పలి, మిరియాలు సమభాగాలుగా చేర్చే త్రికటుచూర్ణంలో పలం 48 గ్రాములైనా 35 గ్రాములైనా చూర్ణం స్వభావం ఒకటే. మానం సాపేక్షంగా ఉన్నంతవరకు మార్పిడి వల్ల హాని లేదు.

మిగిలిన సగంలో రెండు లోపాలున్నాయి. మొదటిది: పాళ్లు వేరు, మోతాదు వేరు. చూర్ణం సరిగ్గా తయారైనా, రోగి పుచ్చుకోవలసిన తులం 10 గ్రాములా, 11.66 గ్రాములా, 12 గ్రాములా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నేటి బంగారు అంగట్లో తులమంటే 10 గ్రాములే. రెండోది: ఒకే యోగంలో తూకం, లెక్క కలిసినప్పుడు పాళ్లే చెదిరిపోతాయి. గింజల లెక్క మారదు, తూకం మాత్రం మారుతుంది.

గణితం కోసమే ఒక ఊహను తీసుకోవచ్చు. ఒక యోగంలో ఒక తీక్ష్ణద్రవ్యం గింజల లెక్కలో, తక్కినవన్నీ పలాల్లో చెప్పి ఉన్నాయనుకుంటే, మాగధపలం ఉద్దేశించిన చోట అంగడి పలాన్ని వాడినప్పుడు తక్కిన ద్రవ్యాలు 48కి బదులు 35 గ్రాములవుతాయి. తీక్ష్ణద్రవ్యం వాటితో పోల్చితే ఉద్దిష్టమైన దానికి 1.37 రెట్లవుతుంది. ఆ గింజ మిరియమైతే నష్టం స్వల్పం. నేపాళమైతే పరిణామం వేరు. నేపాళం, వత్సనాభి, ఉమ్మెత్త, గన్నేరు వంటివి ఔషధ నియమావళి ఇ(1) షెడ్యూలులో విషద్రవ్యాలుగా నమోదయ్యాయి. తరతరాలుగా తూకపురాయిగా పనిచేసిన గురివింద గింజ కూడా ఆ జాబితాలోనే ఉంది.

లెక్కకూ తూకానికీ మధ్య సంబంధాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ త్రిఫల. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమభాగాలుగా చేర్చాలన్నది ఒక సంప్రదాయం. ఆయుర్వేద యోగసంగ్రహం దీన్నే స్వీకరించింది. ఒక కరక్కాయకు రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు అన్నది మరొక సంప్రదాయం. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. మొదటిది తూకం, రెండోది కాయల లెక్క అని గుర్తించగానే విరోధం సడలుతుంది. తానికాయకు అక్షం, కర్షఫలం అనే పేర్లున్నాయి, అంటే అది కర్షం తూగే కాయ. కరక్కాయ దానికి రెట్టింపు, ఉసిరి దానిలో సగం తూగుతాయన్న లెక్కన ఒకటి, రెండు, నాలుగు కాయలు మూడూ సమాన తూకానికే వస్తాయి. రెండో సంప్రదాయాన్ని కాయల లెక్కగా కాక తూకంగా చదివి ఒక పాలు, రెండు పాళ్లు, నాలుగు పాళ్లు అని ముద్రిస్తే ఉసిరి నాలుగింతలైన వేరే చూర్ణం పుడుతుంది. నల్లమల అంచున ఈ మూడు చెట్లూ ఎరిగిన గ్రామస్థుడికి కాయ పరిమాణం కళ్లెదుట ఉండేది. డబ్బాలో పొడిని మాత్రమే చూసే పాఠకుడికి ఆ ఆధారం లేదు.

ద్రవాల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే కావాలి. కుడవం వరకు ద్రవానికీ పొడికీ ఒకే మానం, ప్రస్థం మొదలు ద్రవాలకూ పచ్చిద్రవ్యాలకూ రెట్టింపు అని శార్ఙ్గధరుడు నియమం చెప్పాడు. కుడవపాత్ర నాలుగు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల లోతు ఉండాలని కొలతలు కూడా ఇచ్చాడు. అంగుళాన్ని 1.9 సెంటీమీటర్లుగా తీసుకుంటే గుండ్రని పాత్రలో దాదాపు 345 మిల్లీలీటర్లు పడతాయి. నాలుగు పలాల కుడవానికి యోగసంగ్రహం లెక్క 192. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని వివరించవలసిన బాధ్యత వ్యాఖ్యాతది. పట్టిక ఒక్కటే ముద్రించి పాత్ర కొలతలను వదిలివేస్తే ఆ ప్రశ్న పుట్టే అవకాశమే ఉండదు.

6. చైనా అనుభవం

ఈ సమస్య తెలుగుకో, ఆయుర్వేదానికో పరిమితమైనది కాదు. పాత గ్రంథాలను నేటికీ వైద్యానికి వాడుతున్న మరొక పెద్ద సంప్రదాయం చైనా మూలికావైద్యం. అక్కడ జరిగిన చర్చ తెలుగు పరిష్కర్తలకు ఉపకరిస్తుంది.

క్రీ.శ. మూడో శతాబ్ది ఆరంభానికి చెందిన ‘షాంగ్ హాన్ లున్’ జ్వరచికిత్సా గ్రంథం. కర్త ఝాంగ్ ఝోంగ్‌జింగ్. అందులోని ప్రసిద్ధమైన ‘గుయ్‌ఝీ టాంగ్’ కషాయంలో దాల్చిన కొమ్మలు, పియోనీ వేరు, పచ్చి అల్లం మూడేసి లియాంగ్‌లు, వేయించిన అతిమధురం రెండు లియాంగ్‌లు, చైనా రేగుపండ్లు పన్నెండు. నాలుగు ద్రవ్యాలు తూకంలో, ఒకటి లెక్కలో ఉన్నాయి. హాన్ యుగపు తూకపురాళ్ల ఆధారంగా నాటి లియాంగ్‌ను ఆధునిక పరిశోధకులు 13 నుండి 16 గ్రాముల మధ్య అంచనా వేస్తున్నారు. పదహారో శతాబ్దిలో లీ షిజెన్ మాత్రం పాత లియాంగ్‌కు తన కాలపు చియెన్ ఒకటి చాలునన్నాడు. చియెన్ అంటే లియాంగ్‌లో పదోవంతు. 1979లో చైనా వైద్యుల చీటీలు గ్రాముల్లోకి మారినప్పుడు చియెన్‌ను 3 గ్రాములకు సవరించారు. ఫలితంగా షాంగ్ హాన్ లున్‌లోని మూడు లియాంగ్‌లు నేటి పాఠ్యపుస్తకాల్లో 9 గ్రాములు; తూకపురాళ్ల లెక్కన 39 నుండి 48 గ్రాములు. తేడా దాదాపు అయిదు రెట్లు.

ఇక్కడ రెండు పాఠాలున్నాయి. ఒకటి, రేగుపండ్లు పన్నెండే. లియాంగ్‌ను 3 గ్రాములుగా చదివి పండ్ల లెక్కను అలాగే ఉంచితే కషాయం తియ్యటి పండ్ల రసానికి దగ్గరవుతుంది. పండ్లను తగ్గిస్తే మూలపాఠాన్ని సవరించినట్టవుతుంది. లెక్కలో చెప్పిన ద్రవ్యం తూకం విలువను పరీక్షించే గీటురాయిగా పనిచేస్తుంది. రెండు, ఏడు షెంగ్‌ల నీటిని మూడు షెంగ్‌లకు మరిగించి ఒక్కొక్క షెంగ్ చొప్పున తాగాలని, మొదటి విడతకే గుణం కనిపిస్తే ఆపాలని గ్రంథం చెబుతుంది. మొత్తం కషాయానికి వేసిన ద్రవ్యం ఒక మోతాదు కాదు. పరిమాణాన్ని విధానం నుంచి విడదీసి చదవకూడదని దీని తాత్పర్యం.

చైనాలో ఈ భేదం బహిరంగ చర్చ అయింది. ఏ గ్రంథానికి ఏ యుగపు లియాంగ్ అన్న ప్రశ్న అక్కడ ఒక పరిశోధనాంశం. తెలుగులో అదే ప్రశ్న పట్టిక మాటున ఉండిపోయింది.

7. ప్రచారంలో ఉన్న పద్ధతులు – విమర్శ

తెలుగు వైద్యగ్రంథాల ముద్రణల్లో మానపదాల పట్ల మూడు వైఖరులు కనిపిస్తాయి.

మొదటిది యథాతథ వైఖరి. మూలపదాన్ని మార్చకుండా, వివరించకుండా ముద్రించడం. ఇందులో నిజాయితీ ఉంది గాని పాఠకుడికి సహాయం లేదు. ఆ పదం తెలిసిన తరం గడిచిపోయాక యథాతథపాఠం అర్థం కాని పాఠమే.

రెండోది పట్టిక వైఖరి. గ్రంథం చివర ఒక మానపట్టిక ఇచ్చి అన్ని యోగాలకూ దాన్నే వర్తింపజేయడం. భారత ఆయుర్వేద యోగసంగ్రహం ఈ వైఖరికి శ్రేష్ఠమైన ఉదాహరణ. కర్మాగారాల్లో తయారయ్యే మందులకు దేశమంతటా ఏకరూపత కావాలి కనుక ఆ నిర్ణయం దాని ప్రయోజనానికి తగినదే. చిక్కల్లా ఆ పట్టికను అది ఉద్దేశించని చోటికి, అంటే ఒక ప్రాంతపు చేతివ్రాత పుస్తకానికి, అన్వయించడంలో ఉంది. మద్రాసు సేరుతో సరుకు కొన్న వైద్యుడు తన పుస్తకంలో ‘పలం’ అని రాసినప్పుడు 48 గ్రాములను ఊహించాడని ఏ ఆధారంతో అనగలం?

మూడోది నిశ్శబ్ద వైఖరి. మూలపదాన్ని తీసివేసి దాని స్థానంలో గ్రాములను ముద్రించడం. సామాన్యపాఠకుల కోసం వెలువడే సంకలనాల్లో ఇది ఎక్కువ. మూడింటిలోనూ ప్రమాదకరమైనది ఇదే. మొదటి రెండు వైఖరుల్లో పొరపాటు జరిగినా సరిదిద్దుకోవడానికి మూలం మిగులుతుంది. ఇక్కడ 35 అన్న అంకె వెనుక పలం ఉందో, మూడు తులాలున్నాయో, మూడు రూపాయల ఎత్తు ఉందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. సాహిత్యగ్రంథంలో పాఠాంతరాన్ని చెప్పకుండా మార్చిన పరిష్కర్తను పండితలోకం క్షమించదు. వైద్యగ్రంథంలో అదే పని సౌలభ్యంగా చెలామణి అవుతోంది.

8. ప్రతిపాదనలు

పై చర్చను బట్టి పరిష్కర్తలు, క్షేత్రపరిశోధకులు పాటించదగిన పద్ధతి ఇలా ఉండవచ్చు.

1. మూలంలోని మానపదాన్ని పాఠంలో యథాతథంగా నిలపాలి. మెట్రిక్ విలువను పక్కన వేరుగా చూపాలి.

2. ప్రతి పదం తూకమా, కొలతా, లెక్కా, పోలికా అన్నది గుర్తించాలి. మానిక, సేరు వంటి పదాలు ఒకటికి మించిన వర్గాల్లో ఉన్నప్పుడు ఆ సందిగ్ధతను చెప్పాలి.

3. విలువ నిర్ణయానికి అంతర్గతసాక్ష్యాన్ని వెదకాలి. పలానికి ఇన్ని తులాలని అదే పుస్తకంలో మరొకచోట ఉండవచ్చు. సరుకుల ధరల జాబితా ఉండవచ్చు. వరహా, రూపాయి వంటి నాణెం పేరు వ్రాతకాలాన్నీ తూకాన్నీ కలిపి సూచించవచ్చు.

4. సాక్ష్యం లేనప్పుడు ఒకే అంకె ఇవ్వకుండా అవధి ఇవ్వాలి. ‘పలం: 35–48 గ్రాములు’ అన్న రాత అసంపూర్ణంగా కనిపించినా ‘48 గ్రాములు’ అన్న తప్పుడు నిశ్చయం కంటె మేలు.

5. విషద్రవ్యాలున్న యోగాల్లో, ముఖ్యంగా లెక్క, తూకం కలిసిన చోట, మార్పిడి విలువను వైద్యవినియోగానికి కాక పాఠపరిశీలనకు మాత్రమే ఇచ్చినట్టు స్పష్టం చేయాలి.

6. క్షేత్రంలో మాట ఒక్కటే సేకరించి తృప్తిపడకూడదు, వస్తువును కూడా పరిశీలించాలి. పల్నాటి పల్లెల్లో పాత సోలలు, తవ్వలు, మానికలు, తూకపురాళ్లు దొరికితే నీటితో, త్రాసుతో వాటి విలువను నమోదు చేయాలి. ధాన్యాన్ని అంచుకు సమంగా గీసి కొలిచేవారా, పైకి కుప్పగా కొలిచేవారా అన్నదీ అడగాలి. ‘చారెడు’ అని చెప్పినవారి చేత ఆ ద్రవ్యాన్ని చారెడు పోయించి తూచాలి. అవే ఆ పదానికి నిఘంటువు ఇవ్వలేని అర్థాలు.

ఈ పని ఒక్క శాఖ చేయగలిగింది కాదు. లిపి, భాష తెలుగు శాఖది, మొక్క గుర్తింపు వృక్షశాస్త్రానిది, మానపరిభాష ఆయుర్వేదానిది, నాణేలు, తూకాలు చరిత్రవి. నరసరావుపేట, మాచర్ల, గురజాల పరిసరాల కళాశాలల్లో ఈ శాఖలు పక్కపక్కనే ఉంటాయి. మానపదాల సేకరణ వాటిని కలిపే చిన్న పథకం కాగలదు.

9. ముగింపు

పలమంటే ఎంత అన్న ప్రశ్నకు ఏకైక సమాధానం లేదు. మాగధంలో 384 గురివిందలు, కాళింగంలో 320 లేక 280, మద్రాసు అంగట్లో 288. నాలుగూ సరైనవే, తమతమ చోట్ల. ఒకదాని చోట మరొకదాన్ని చెప్పకుండా నిలపడమే దోషం. అన్ని ద్రవ్యాలూ ఒకే తూకంలో ఉన్న యోగంలో ఆ దోషం మోతాదును మాత్రమే తాకుతుంది. గింజల లెక్క, పాత్రల కొలత కలిసిన యోగంలో అది మందునే మార్చివేస్తుంది. త్రిఫల, గుయ్‌ఝీ టాంగ్ రెండూ ఈ సత్యాన్నే వేరువేరు భాషల్లో చెబుతున్నాయి.

పాతకాలపు వైద్యుడికి తన పలం ఎంతో రాసిపెట్టవలసిన అవసరం లేకపోయింది. అది అతని త్రాసులో, అంగట్లో, ఊరివాళ్ల నోట ఉండేది. ఆ త్రాసు ఇప్పుడు లేదు. పుస్తకం మిగిలింది. పదాన్ని నిలిపి, విలువను విచారించి, సందేహాన్ని దాచకుండా ముద్రించినప్పుడే ఆ పుస్తకం తరువాతి తరానికి నమ్మదగిన పాఠంగా అందుతుంది.